సంచి అడుగు నుంచి చదివిన మహానందక్క

పచ్చి అల్లం విరిచినప్పుడు వచ్చే వాసన నాకు వంటింటిని గుర్తుచేయదు. ఒక మేడ మీది గదినీ, రెండు తెరల ముందు కూర్చున్న ఒక మనిషి వీపునూ గుర్తుచేస్తుంది. ఈ ఉదయం టీలోకి అల్లం ముక్క విరిచి, వేళ్లకంటిన ఆ వాసనతోనే వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. కంప్యూటర్‌లో ముక్కూ మొహం తెలియని ఎవరో పంపిన ప్యాచ్ తెరిచి ఉంది. పైనుంచి చదవబోయి, ఆగి, చివరికి జరిగాను. అలా చివరికి జరగడం నాకు నేర్పిన మనిషి మహానందక్క. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది. ఆమెతో ఉత్తరాలు నడిపినవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు, వాళ్లలో ఆమెను కళ్లారా చూసినవాళ్లు దాదాపు లేరు. రోజూ చూసిన జహీరాబాద్ వాళ్లకు ఆమె ఏం పని చేసేదో తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ పని గురించి చెప్పాలి. ఒక కంప్యూటర్‌లో పది రకాల ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి గొడవపడకుండా నడవాలంటే, ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో పెట్టినట్టు విడదీసి నడుపుతారు. ఆ డబ్బాలను కంటైనర్లంటారు. లినక్స్ మీద వాటిని తయారుచేసి, నడిపి, పని అయ్యాక పారేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది ఎవరి సొత్తూ కాదు. దాని లోపలి రాత అంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఆ దిద్దుబాటును ప్యాచ్ అంటారు. పంపిన ప్రతి ప్యాచ్‌నూ మరొకరు చదివి, పరీక్షించి, ‘నేను చూశాను’ అని తన పేరుతో ఒక వరుస రాస్తేనే అది లోపలికి వెళుతుంది. ఆ వరుస లేనిదే ఏదీ కదలదు. నా జీవితంలో పెద్ద తప్పు ఆ ఒక్క వరుస రాయడంలోనే జరిగింది.

నేను క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న సంఘ పెద్ద. నాకు అక్షరాలు వచ్చింది సండే స్కూల్లో, వాక్యాలు కంఠస్థం చేస్తూ. డిగ్రీ అయ్యాక బస్టాండు దగ్గరి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతూ, ఖాళీ సమయంలో ఈ సాఫ్ట్‌వేర్ చదవడం మొదలుపెట్టాను. ఒకరోజు ధైర్యం చేసి ఆరు వరుసల ప్యాచ్ పంపాను. రెండు రోజుల్లో పద్నాలుగు వ్యాఖ్యలతో తిరిగొచ్చింది. ఆరు వరుసలకు పద్నాలుగు తప్పులు! అవి రాసిన మనిషి ఎవరా అని పేరు మీద నొక్కితే మహానంద అని ఉంది, ఊరు జహీరాబాద్ అని ఉంది. అమెరికాలోనో జర్మనీలోనో ఉంటుందనుకున్న మనిషి మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో, అల్లం గోడౌను పైన ఉంటుందని తెలుసుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

గోడౌను ఆమె తమ్ముడు శివన్నది. వాళ్లది బీదర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో కన్నడం, బయట తెలుగు. కింద అల్లం సంచులు, మట్టి, హమాలీల కేకలు. ఇనుప మెట్లెక్కితే పైన ఆమె గది. నలభై దాటిన మనిషి, జుట్టు ముడి, మెడలో లింగం కాయ, కళ్లద్దాలు తలమీదికి తోసుకొని ఉన్నాయి. బెంగుళూరులో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, ఈ పని ఎక్కడినుంచైనా చేయవచ్చని తేలగానే సొంత ఊరికి వచ్చేసింది. నేను పేరు చెప్పగానే తెర వైపే చూస్తూ అంది.

“ఆరు లైన్ల పిల్లవా? కూసో. ఏడ్చినవా చదివి?”

“లేదు మేడం.”

“హౌదా?”

అది కన్నడం. అవునా అని అర్థం. తర్వాతి ఏళ్లలో ఆ ఒక్క మాటకు నేను భయపడినంతగా మా పాస్టరయ్యగారి ప్రసంగానికి కూడా భయపడలేదు. ఆమె కాదనేది కాదు, తప్పనేది కాదు. హౌదా అని ఊరుకునేది. అప్పుడు మనం చెప్పినదాన్ని మనమే మళ్లీ చూసుకోవాల్సి వచ్చేది.

“కొంచెం ఏడ్చాను,” అన్నాను.

“గట్ల చెప్పు. మేడం అనకు, అక్క అను. పద్నాలుగింట్ల రెండు నా తప్పులే, నిన్న చూసుకున్న. మిగిలినవి నీవి. రా, చూద్దాం.”

అప్పటినుంచి వారానికి మూడు రోజులు సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నుంచి నేరుగా ఆ మెట్లెక్కేదాన్ని. ఆమె ప్యాచ్ చదివే తీరు చూసి మొదట్లో నాకు వింతగా ఉండేది. అందరూ పైనుంచి కిందికి చదువుతారు. ఆమె చివరి నుంచి మొదలుపెట్టేది. పని సవ్యంగా జరిగితే ఏమవుతుందన్నది ఆఖరున చూసేది. ముందు, పని చెడితే ఏమవుతుందన్న వరుసల దగ్గరికి వెళ్లేది. ఎందుకని అడిగితే నన్ను కిందికి తీసుకెళ్లింది. కోహీర్ రైతు ఒకాయన అల్లం తెచ్చాడు. శివన్న సంచి మూతి విప్పి, పైన ఉన్నవాటిని చూడనైనా చూడకుండా మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి, అడుగు నుంచి ఒక కొమ్ము లాగి విరిచాడు. విరిచిన చోటు చూశాడు, వాసన చూశాడు.

“ఏంది శివన్నా, పదేండ్ల సంది నీకే తెస్తున్న. నా మీద నమ్మకం లేదా?” రైతుకు కోపం వచ్చింది.

“నీ మీద ఉన్నది కాకా. సంచి మీద లేదు.”

“నేనేమన్న కింద పుచ్చులు నింపిన్నా?”

“అట్లంటినా? రాత్రి బండిల పెట్టినవ్, వాన పడ్డది. అడుగుకు చెమ్మ చేరుతది. నీకు సుత తెల్వది గది. చూడు, మెత్తబడ్డది.”

రైతు ఆ ముక్క తీసుకొని చూశాడు. ఇద్దరూ కలిసి సంచి కుమ్మరించి, తడిసినవాటిని వేరు చేశారు. మెట్లెక్కుతూ మహానందక్క అంది: “మోసగాని కోసం కాదు మర్సీ అడుగు చూసేది. మంచోని కోసమే. ఆయనకే తెల్వని చెమ్మ ఉంటది.” నా పేరు మెర్సీ. ఆమె నోట అది ఎప్పుడూ మర్సీ. నేను దిద్దలేదు.

విశ్వాసం గురించి మేమిద్దరం ఒక్కసారే మాట్లాడుకున్నాం. ఆమె రోజూ పొద్దున లింగాన్ని అరచేతిలో పెట్టుకొని పూజ చేసుకున్నాకే కంప్యూటర్ తెరిచేది. దాని గురించి ఎవరికీ చెప్పేది కాదు. నేను అలాంటిదాన్ని కాదు. నాకు దొరికినది పదిమందికీ చెప్పకపోతే పాపమని నమ్మేదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. ఒకసారి మా కూటాలకు రమ్మని పిలిచాను. కాదనకుండా వచ్చి, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చొని, చివరిదాకా విన్నది. ఆ రోజు సాక్ష్యాల సమయంలో ముగ్గురు లేచి తమకు జరిగిన మేలు చెప్పారు. మరునాడు నన్ను అడిగింది.

“మీ దాంట్ల సాక్ష్యం అంటరు గదా. చూసింది చెప్తరా, విన్నది చెప్తరా?”

“తనకు జరిగిందే చెప్పాలక్కా. ఎవరో చెప్పింది చెప్తే సాక్ష్యం ఎట్లయితది?”

“మరి ఆ మూడో ఆయన వాళ్ల బామ్మర్దికి జరిగింది చెప్పిండు.”

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. “ఆయన ఎప్పుడూ అంతే అక్కా.”

“మీరు సుత ఎప్పుడూ అంతేనా? ఆయన చెప్తుంటే అందరు ఆమేన్ ఆమేన్ అన్నరు. నువ్వు సుత అన్నవ్.”

“ఒక సహోదరుడు చెప్తుంటే ఊరకుంటే బాగుండదక్కా. ప్రేమతో అంటం.”

“మంచిదే. పాటలు మాత్రం చానా బాగున్నయ్,” అని పనిలో పడింది. ఆ మాటను నేను వెక్కిరింపుగా తీసుకొని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆమె గమనించినట్టు లేదు. గమనించినా, పని ఆపేది కాదు.

రెండేళ్లు గడిచాయి. నా పేరుతో ‘నేను చూశాను’ అని రాసే హక్కు నాకు వచ్చింది. దానికి జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. ఒక జాబితాలో పేరు చేరుతుంది, అంతే. మహానందక్క ఆ జాబితాలో నా పేరు చేర్చిన రోజు నేను ఇంటికెళ్లి మోకాళ్లూని కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ ఉత్సాహంలోనే చర్చి ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్‌లో మా సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఇంకా విడుదల కాని, రోజురోజుకూ మారే కొత్త రూపాన్నే పెట్టాను. నేను చూసిన సాఫ్ట్‌వేర్ మా సంఘానికి పనికొస్తోందని చెప్పుకోవాలని నా కోరిక. దానిలో ఉంచింది సుందరమ్మ అవ్వ పాటలు.

సుందరమ్మ అవ్వ న్యాల్‌కల్ దగ్గరి పల్లె మనిషి. కూలిపని చేసి బతికింది. చదువు లేదు. తెలుగూ కన్నడమూ కలిపి తానే పాటలు కట్టి, ప్రభువు మీద పాడేది. కలుపు తీసే పాట వరసలో సిలువ గురించి పాడితే మా పెద్ద గాయకులు పెదవి విరిచేవారు, ఆడవాళ్లు మాత్రం ఏడ్చేవారు. ఆమె చివరి వేసవిలో నేను ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత ఆమెను కూర్చోబెట్టి ముప్పై ఒక్క పాటలు రికార్డు చేశాను. ఆ ఏడే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లింది. ఆ పాటలను ఆ కంప్యూటర్‌లోకే మార్చి, ఎవరైనా ఫోన్లో వినేలా పెట్టాను. వేరేచోట ఒక కాపీ పెట్టుకోవాలని ప్రతివారం అనుకునేదాన్ని.

అప్పుడు వచ్చింది ఆ ప్యాచ్. పంపినవాడు దూరదేశపు మనిషి, చాలాకాలంగా మంచి దిద్దుబాట్లు పంపుతున్నవాడు. ఉత్తరం చివర ప్రభువు కృప మీకు తోడుగా ఉండాలని రాసేవాడు. నేనూ విశ్వాసినే అని తెలిశాక నన్ను సహోదరీ అని పిలిచేవాడు. ఆయన దిద్దిన తప్పు ఇది. డబ్బా లోపలి ప్రోగ్రాముకు బయటి ఫోల్డరు కనిపించాలంటే డబ్బాకు ఒక కిటికీ పెడతారు. డబ్బాను పారేసేముందు ఆ కిటికీ మూయాలి. ఎవరైనా ఇంకా కిటికీని పట్టుకొని ఉంటే అది మూతపడదు, పారేయడం సగంలో ఆగిపోయి, పనికిరాని డబ్బాలు పేరుకుపోతాయి. ఆయన దిద్దుబాటు ప్రకారం, కిటికీ మూయడానికి మూడుసార్లు ప్రయత్నించాలి, అప్పటికీ మూతపడకపోతే ఒక హెచ్చరిక రాసి పని ముందుకు సాగించాలి. మొత్తం పదకొండు వరుసలు. పొందికగా ఉంది. ఆ వారం మా యువజన కూటాలు. సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు ముందే రాసి ఉంటాయి, వాటన్నిటినీ ఒకసారి నడిపాను, అన్నీ దాటాయి. పైనుంచి కిందికి చదివాను. ‘నేను చూశాను’ అన్న వరుస కింద నా పేరు రాశాను. నా వరుసను నమ్మి మహానందక్క దాన్ని లోపలికి తీసుకుంది.

శనివారం మధ్యాహ్నం చర్చిలో కంప్యూటర్‌కు ఆ కొత్త రూపం వేశాను. పక్క హాల్లో గాయక బృందం అవ్వ పాట ఒకటి స్పీకరులో పెట్టుకొని మరునాటికి నేర్చుకుంటోంది. పాటల డబ్బా పాతదాన్ని పారేసి కొత్తది తెరిచాను. జాబితా ఖాళీగా వచ్చింది. ఫోల్డరు తెరిచాను, ఖాళీ. ఏదో తప్పు నొక్కానేమో అనుకొని మళ్లీ మళ్లీ తెరిచాను. విచిత్రమేమిటంటే పక్క హాల్లో అవ్వ ఇంకా పాడుతూనే ఉంది. పాట పూర్తిగా అయిపోయింది. తర్వాత గాయక బృందంలోంచి ఎవరో కేకేశారు: “మెర్సీ, ఇంకోపారి పెట్టు, పెడుతుంటే వస్తలేదు.”

నేను అక్కడే కూర్చొని ఆ పదకొండు వరుసలు తెరిచాను. ఈసారి చివరి నుంచి. కిటికీ మూతపడలేదు, హెచ్చరిక రాసింది, పని ముందుకు సాగింది. ముందుకు సాగడమంటే ఊడవడం. డబ్బాలో ఉన్నదంతా ఊడ్చి పారేస్తుంది. కిటికీ తెరిచే ఉంది కాబట్టి కిటికీలోంచి అవతలికి వెళ్లి ఇంట్లో, అంటే బయటి ఫోల్డరులో, ఉన్నది కూడా ఊడ్చింది. అవ్వ పాట వినిపిస్తున్న ప్రోగ్రామే ఆ కిటికీని పట్టుకొని ఉంది. నేను ఈ వరుసలను అడుగు నుంచి చూసి ఉంటే ఒక నిమిషంలో కనపడేది.

మెట్లెక్కేసరికి మహానందక్క తెర ముందే ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కళ్లద్దాలు కిందికి దించుకొని ఆ ప్యాచ్ తెరిచి, చివరికి వెళ్లింది.

“కాపీ ఏది?”

“లేదక్కా.”

“ఆ పాట నడుస్తున్నప్పుడు ఆపకుండ నాకు ఫోన్ చేసుంటే ఆ ఒక్కటన్న తీసెటోళ్లం. తెరిచి ఉన్నంతసేపు ఫైలు ప్రాణంతోనే ఉంటది.” అంతలోనే నా మొహం చూసి, “అది నీకు తెల్వది. పోనీ. సోమవారం ఏముంది?” అంది.

సోమవారం విడుదల. ఆ ప్యాచ్‌తో సహా కొత్త రూపం ప్రపంచమంతటికీ వెళ్లాల్సిన రోజు. ఎన్ని కంప్యూటర్లలో, ఎన్ని ఇళ్లలో, ఏ ఆసుపత్రిలో, ఏ బడిలో అది నడుస్తుందో మాకు తెలియదు. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఈ తప్పు తెలిసింది మా ఇద్దరికే. అప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ సిగ్గుపడుతూనే గుర్తుచేసుకుంటాను.

“అక్కా, ఇప్పుడే దిద్ది పంపిద్దాం. ఇంకా గట్టిగ చేసినమని రాద్దాం. ఎవరికీ నష్టం కాదు గదా.”

“హౌదా?”

“నా పేరు జాబితాల ఎక్కి రెండు నెలలు కాలే అక్కా. తీసేస్తరు.”

“తీసేస్తరేమో. మరి నిన్నటి రూపం వేసుకున్నోడు ఎవడన్న ఉంటే? ‘గట్టిగ చేసినం’ అని చదివి వాడు ఆపుతడా? ‘ఫోల్డరు పోయింది’ అని చదివితే ఆపుతడు. ఎవరి ఫోల్డరు పోయిందని రాస్తవ్ చెప్పు.”

నేను తెర మీద నా పేరున్న వరుస వైపు చూశాను.

“నువ్వు అంటివి గదా, విన్నది చెప్తే సాక్ష్యం కాదని. ఆ లైను సాక్ష్యమే గద మర్సీ. నువ్వు ఏం చూసినవని రాసినవ్?”

“ఆయన మంచి మనిషి అక్కా. విశ్వాసి.”

“మంచోడే. నేను సుత నమ్మిన, నిన్ను. ప్యాచ్ మనిషి కాదు. నువ్వు చూడలే, ఆమేన్ అన్నవ్.”

పదేళ్ల వయసులో, అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను సంఘమంతటి ముందు తడబడకుండా అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. కోర్టు బోనులో నిలబడి చెప్పేది మాత్రమే అబద్ధసాక్ష్యమనుకున్నాను. అల్లం గోడౌను మీద, మెడలో లింగం ఉన్న మనిషి ఆ ఆజ్ఞను నాకు మొదటిసారి బోధపరిచింది. ప్రభువు తన మాటను ఎవరి నోట వినిపిస్తాడో ఆయన ఇష్టం. ఆ రోజునుంచి నేను అందులో వాదనకు దిగను.

ఆమె లేచి తన కుర్చీ నాకిచ్చింది. నేను రాశాను. కిటికీ మూతపడని సందర్భాన్ని నేను నడిపి చూడలేదని, చివరి నాలుగు వరుసలు పనిని బట్టి కాక పంపిన మనిషిని బట్టి నమ్మానని, మా సంఘం ఫోల్డరు పోయిందని, అందులో చనిపోయిన ఒకామె పాటలు ఉన్నాయని, ఈ రూపం వేసుకున్నవాళ్లు వెంటనే ఆపాలని. పంపే బటను మీద వేలు పెట్టి ఆగిపోయాను. ఆమె కిందికి వంగి, “శివన్నా, రెండు చాయ్!” అని మెట్ల వైపు కేకేసింది. ఆ కేక మధ్యలోనే నొక్కేశాను. తర్వాత ఆమె నా రాత కిందే రాసింది: దీన్ని లోపలికి తీసుకున్నది నేను, నేనూ చివరి నుంచి చదవలేదు, విడుదల ఆపుతున్నాను. ఆ ప్యాచ్‌ను వెనక్కి తీసేసింది.

గంటలోపే రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఆ దూరదేశపు సహోదరుడిది, విరిగిన మనసుతో క్షమాపణ కోరుతూ. ఇంకొకటి ఎవరో తెలియని మనిషిది. ఇప్పుడే ఆపేశాను, నా దగ్గర మూడు కంప్యూటర్లున్నాయి, థాంక్స్ అని ఒకే వరుస. మహానందక్క ఆ రెండో ఉత్తరాన్ని నాకు చూపించింది.

ఆదివారం పొద్దున ఆరాధన కన్నా ముందే ఆమె మా చర్చికి వచ్చి ఆఫీసు గదిలో కూర్చొని పోయినవాటిని వెదకడం మొదలుపెట్టింది. నేను సాక్ష్యాల సమయంలో లేచాను. మేలు చెప్పుకునే చోట నష్టం చెప్పడానికి లేచినవాళ్లలో నాకు తెలిసి నేనే మొదటిదాన్ని. అలవాటు కొద్దీ మొదటి వాక్యానికి రెండు మూడు ఆమేన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. నేను కూర్చున్నాక అవ్వ కూతురు కరుణమ్మ లేచింది. తిడుతుందనుకున్నాను.

“పాటలు యాడికి పోతయ్ బిడ్డా, మాకు నోటికున్నయ్. మళ్ల పాడుతం, మళ్ల రాసుకో,” అంది. తర్వాత, “మా అమ్మ గొంతే,” అని, పూర్తిచేయకుండా కూర్చుంది.

పాస్టరయ్యగారు ప్రార్థన చేశారు. ఆఖరున ఎవరూ వెంటనే ఆమేన్ అనలేదు. కరుణమ్మ అన్నాక అందరూ అన్నారు.

సాయంత్రానికి మహానందక్కకు నాలుగు పాటలు దొరికాయి. నాలుగోది సగంలో తెగిపోయింది. ఇంకేమీ రాలేదు. “ఇంతే మర్సీ,” అని కళ్లద్దాలు తుడుచుకుంది. మధ్యాహ్నం కరుణమ్మ తెచ్చిపెట్టిన అన్నం గిన్నె మూత కూడా తీయలేదని అప్పుడు చూశాను.

నా పేరు జాబితాలోంచి ఎవరూ తీయలేదు. కానీ మహానందక్క నాకొక నియమం పెట్టింది. ఆరు నెలలు ‘నేను చూశాను’ అన్న వరుస రాయకూడదు. బదులుగా ఏం నడిపి చూశానో, ఎలా చెడగొట్టి చూశానో రాయాలి. ఆఖరున, చూడనివి ఏమిటో కూడా రాయాలి. చూడనివి రాయడమే కష్టం. మొదటిసారి రాసినప్పుడు, ఇదంతా రాస్తే నేనేదో తెలియనిదాన్నని అనుకుంటారక్కా అన్నాను. “తెల్వనిది ఉన్నది గద,” అంది. ఆరు నెలలయ్యాక గడువు ముగిసిందని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తప్పు మళ్లీ ఎప్పుడూ లోపలికి రాకుండా ఒక పరీక్ష రాయమని నాకే అప్పగించింది. ఆ పరీక్షలో ఒక ఇంటి ఫోల్డరు తయారవుతుంది, అందులో ఒక ఫైలు పెడతారు. డబ్బాకు కిటికీ పెట్టి, కిటికీ మూతపడకుండా పట్టుకొని, డబ్బాను పారేయమంటారు. ఊడ్చాక ఇంట్లో ఫైలు అలాగే ఉందా లేదా చూస్తారు. ఉంటేనే దాటినట్టు. ఆ ఫైలుకు పేరుగా నేను ఒకటి అనే అంకె వేశాను. మహానందక్క అది చదివి ఒకే ఒక వ్యాఖ్య రాసి పంపింది. ఈసారి తెలుగులో, ప్రపంచమంతా చూసే చోట: “పోయింది ఒకటి కాదు గదా. పేరు పెట్టు.”

తర్వాత నాలుగేళ్లు ఆ గదిలోనే పనిచేశాం. కిడ్నీలు చెడి, వారానికి రెండుసార్లు దవాఖానకు వెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా ఆమె అక్కడి మంచం మీదనుంచే ప్యాచ్‌లు చదివేది. ఒకసారి నేను తోడు వెళ్లాను. నర్సు సూది గుచ్చుతూ, బాగయిపోతది అమ్మా అంది. మహానందక్క హౌదా అంది. నర్సుకు కన్నడం రాదు, నవ్వి వెళ్లిపోయింది. నేను ఆమె కోసం ఎంత ప్రార్థించానో ప్రభువుకు తెలుసు. ఆమెకు చెబితే, “చెయ్యి, వద్దనను. ఆ ప్యాచ్ సుత చూడు, శుక్రవారం నుంచి పడున్నది,” అంది. పోవడానికి ముందు వారం రాసిన ఆఖరి వ్యాఖ్యలో కూడా చివర చూడనివి అని రెండు వరుసలున్నాయి. లింగం ధరించేవాళ్ల ఆచారం ప్రకారం ఆమెను కూర్చున్న తీరులోనే మట్టిచేశారు. పని ముందు కూర్చున్నట్టే ఉంది. శివన్న నా పక్కన నిలబడి, “మా అక్క మీది గదిల ఏం పని చేసేది మర్సీ, నాకు ఎన్నడు సమఝ్ కాలే,” అన్నాడు. నువ్వు సంచి చూసినట్టే చూసేది శివన్నా అన్నాను. ఆయన తల ఊపాడు.

ఇప్పుడు ఆ గదిలో నేను కూర్చుంటున్నాను. శివన్న అద్దె తీసుకోడు. రోజూ కింద విరిచిన ముక్కల్లోంచి ఒకటి మెట్ల మీద పెట్టిపోతాడు. ఈ ఉదయం విరిచింది అదే. ఆ తెలియని మనిషి ప్యాచ్ చివరి నుంచి చదివాను. రెండు రకాలుగా చెడగొట్టి చూశాను, చెడలేదు. పరీక్షలన్నీ నడిపాను. అవి ఒక్కొక్కటే తెర మీద దాటుతున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకునేవాళ్లు ఏ దేశంలో ఉన్నా, ఏ దేవుణ్ణి తలచుకున్నా, తలచుకోకపోయినా, వాళ్ల తెర మీద కూడా ఈ వరుస వస్తుంది: కిటికీ తెరిచే ఉంది, ఊడవడం అయిపోయింది, ఇంటి ఫోల్డరులో చూడగా సుందరమ్మ ఉంది. అది చూశాక, నేను నడిపి చూసినవి రాశాను. కింద, చూడనివి రాశాను. ఈసారి మూడు.